మా ముఖాలు కనిపించే సినిమా తీయండి

తెలుగు సినిమా నిర్మాతలకు, దర్శకులకు, కథా రచయితలకు, గోదావరి జిల్లాల్లో సినిమా హాళ్లు నడుపుతున్న యజమానులకు నమస్కారం.

నేను నరసాపురం దగ్గర ఒక ఊళ్లో ఉంటున్నాను. ముప్పై ఏళ్లకు పైగా బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. వయసు 68. సినిమావాళ్లకు ఉత్తరం రాయడం ఇదే మొదలు. కోపంతో కలం పట్టాను, రాస్తూ ఉండగా కోపం తగ్గి కోరిక మిగిలింది. ఆ కోరిక ముందే చెప్పేస్తాను. డెబ్బై దాటిన ఆడ స్నేహితుల మీద ఒక నవ్వుల సినిమా తీయండి. వాళ్లకు ఒక ఆట అంటే పిచ్చి ఉండాలి. ఆ పాత్రలు ఆ వయసు నటీమణులే వేయాలి. దాన్ని మేము వెళ్లగలిగే వేళకు, మేము ఎక్కగలిగే మెట్లున్న హాల్లో ఆడించాలి.

ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే మా అరుగు సంగతి చెప్పాలి.

మా ఇంటి ఎదురుగా ఆచంట పిన్ని ఇల్లు. ఎండ వాలాక నలుగురం ఆ ఇంటి అరుగు మీద చేరతాం. పిన్నికి 74 ఏళ్లు, మొగల్తూరు వదినకు 71. మా అందరికంటే పెద్దావిడను పెద్దక్కయ్య అంటాం, ఆవిడకు 79. ఆచంట, మొగల్తూరు వాళ్ల పుట్టిళ్లు. యాభై ఏళ్ల కిందట కాపురానికి వచ్చినప్పుడు ఊరు అలా పిలిచింది, ఆ పిలుపులే నిలిచిపోయాయి. ముగ్గురి చేతుల్లోనూ లేసు సూది ఆడుతూనే ఉంటుంది. ఈ అల్లిక పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా మా ప్రాంతానికి వచ్చింది. ఎక్కడో సముద్రాల అవతల భోజనాల బల్లల మీద పరుచుకునే లేసు గుడ్డలు మా అరుగుల మీద పుడతాయి. నాకు మాత్రం అల్లిక రాదు. నేను కబుర్లు చెబుతాను, పేపరు చదివి వినిపిస్తాను.

మాకు ఫుట్‌బాల్ అంటింది 2022లో. పిన్ని మనవడు అప్పుడు కోజికోడ్‌లో చదువుకుంటున్నాడు. ఒకరోజు ఫోనులో ఒక ఫోటో పంపాడు. అక్కడికి దగ్గరలో పుల్లావూరు అనే ఊళ్లో, నది మధ్యన, ముప్పై అడుగుల ఎత్తున ఒక మనిషి కటౌటు. పిన్ని కళ్లజోడు సవరించుకుని చూసి, "ఏ సినిమా హీరో ఇతను? నీళ్లలో నిలబెట్టారేమిటి?" అంది. సినిమా హీరో కాడు, మెస్సీ అనే ఆటగాడు అని మనవడు చెప్పాడు. దానికి పోటీగా ఇంకో జట్టు అభిమానులు నేమార్‌ది ఇంకా ఎత్తయిన కటౌటు పెట్టారని కూడా చెప్పాడు. గోదావరి గట్టున పుట్టి పెరిగి, కటౌట్లంటే సినిమా హాళ్ల ముందే ఉంటాయని నమ్మిన వాళ్లం మేము. పరాయి దేశపు ఆటగాడిని ఒక ఊరు అంతగా నెత్తిన పెట్టుకుందంటే ఆ ఆటలో ఏముందో చూడాలనిపించింది.

చూశాం. ఆట తెలియక మొదట తికమక పడ్డాం. అన్నిటికంటే ఆఫ్‌సైడ్ అర్థం చేయించడానికి నాకు రెండు రోజులు పట్టింది. బంతి అందించేవాడు ఇంకా తన్నకముందే, అవతలి జట్టు కాపలావాళ్లను దాటిపోయి గోలు ముందు కాచుకుని ఉండకూడదు అని బొమ్మ గీసి చెప్పాను. మొగల్తూరు వదిన కాసేపు ఆలోచించి, "అంటే భోజనాలకు పిలవకముందే వెళ్లి పంక్తిలో కూర్చున్నట్టు. అంతేనా?" అంది. అంతే. ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను, ఒక్క వాక్యంలో అంత బాగా ఎప్పుడూ చెప్పలేకపోయాను.

ఆ డిసెంబరు 18న ప్రపంచ కప్పు ఫైనలు. మనకు రాత్రి ఎనిమిదిన్నరకు మొదలైంది. మెస్సీ జట్టు అర్జెంటీనా రెండు గోల్స్ వేసి నిశ్చింతగా ఉన్న సమయంలో, 80వ నిమిషంలో ఒకటి, మరుసటి నిమిషంలోనే ఇంకొకటి కొట్టాడు ఫ్రాన్స్ కుర్రవాడు ఎంబాపే. పెద్దక్కయ్య చేతిలో సూది ఆగిపోయింది. ఆవిడ చేతిలో సూది అలా మధ్యలో ఆగడం నేను అంతకుముందు చూడలేదు. ఆవిడ భర్త పోయిన ఏడాది కూడా ఆ చేయి అల్లుతూనే ఉంది. అదనపు సమయంలో మెస్సీ మళ్లీ వేశాడు, ఎంబాపే మళ్లీ సరిచేశాడు, మూడు మూడు. ఇక విజిల్ ఊదేస్తారనగా ఫ్రాన్స్ ఆటగాడు ఒకడు గోలు ముందు ఒంటరిగా దొరికిపోయి బంతిని కొట్టాడు. అర్జెంటీనా గోల్‌కీపరు కాలు చాచి ఆపాడు. చివరికి పెనాల్టీల్లో 4-2తో అర్జెంటీనా గెలిచింది. మేము పడుకునేసరికి అర్ధరాత్రి అయింది.

ఇక్కడ రచయితలు కాస్త ఆగి వినాలి. ఆ రాత్రిని మీరు రాస్తే, మూడు గోల్స్ కొట్టి కూడా ఓడిపోయిన కుర్రవాడిని చూసి పెద్దక్కయ్య చేత కన్నీళ్లు పెట్టిస్తారు. "ఆ బిడ్డకు ఎవరైనా అన్నం పెట్టారో లేదో" అనిపిస్తారు. నిజంగా ఆవిడ అన్న మాట ఇది: "కీపరు కాళ్లు చాపుకుని మీదికి వస్తున్నాడు కదా. కింద కొట్టాడేమిటి? తల మీదుగా లేపాల్సింది." మర్నాడు పొద్దున పాలు పోయించుకుంటూ కూడా అదే మాట అంది. ఆవిడ ఆ క్షణంలో ఎవరికీ తల్లి కాదు, నాయనమ్మ కాదు. ఆట చూసిన మనిషి. ఆ మనిషి తెలుగు సినిమాలో నాకు ఎక్కడా కనిపించదు. ఈ ఉత్తరమంతా ఆ మనిషి కోసమే.

ఇక 2025 సంగతి. ఆ ఏడాది ఫిబ్రవరిలో మొగల్తూరు వదిన ప్రయాగరాజ్ కుంభమేళాకు వెళ్లివచ్చింది. కోట్ల మంది మునిగిన చోట మునిగి, రెండు రాత్రులు రైల్లో కూర్చునే ప్రయాణం చేసి వచ్చింది. ఇంట్లో ఎవరూ వద్దనలేదు. పిల్లలే టిక్కెట్లు తీశారు. డిసెంబరు 13న మెస్సీ హైదరాబాదు ఉప్పల్ స్టేడియానికి వస్తున్నాడని పేపర్లో చదివి వినిపించాను. నరసాపురంలో సాయంత్రం రైలెక్కితే తెల్లవారేసరికి హైదరాబాదులో ఉంటాం. నలుగురం వెళదామనుకున్నాం. ఆ మాట ఇళ్లలో చెప్పిన రోజు ఎవరింట్లో ఏమన్నారో మర్నాడు అరుగు మీద చెప్పుకుంటే నాలుగిళ్లలోనూ ఒకటే మాట. "ఈ వయసులో ఆ తొక్కిసలాటలోకి ఎందుకమ్మా?" డిసెంబరు 13 ఉదయమే, మెస్సీ వచ్చిన కోల్‌కతా స్టేడియంలో జనం కుర్చీలు విసిరారని టీవీలో చూపించేసరికి, చూశారా మేము చెప్పలేదా అన్నారు కూడా. పిల్లల మీద నాకు కోపం లేదు, భయంతోనే అన్నారు. కానీ కుంభమేళాలో కూడా తొక్కిసలాట జరిగింది, మనుషులు పోయారు. అక్కడికి మాత్రం పంపారు. దేవుడి కోసం మేము ప్రమాదంలోకి వెళ్లవచ్చు, మనవల కోసం ఎంత కష్టమైనా పడవచ్చు. మా సంతోషం కోసం మాత్రం గడప దాటకూడదు. ఇది ఒక ఇంటివాళ్లు పెట్టిన నియమం కాదు. ఊరూరా ఉంది. పెద్దవయసు ఆడది దేనికోసం ఉత్సాహపడితే అందంగా ఉంటుందో మన కథలు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చాయి, ఇళ్లు నేర్చుకున్నాయి.

మొన్న సంక్రాంతికి వచ్చిన నా కూతురు మాకు ఒక అమెరికా సినిమా చూపించింది. "80 ఫర్ బ్రేడీ", 2023లో వచ్చింది. నలుగురు పెద్దవయసు స్నేహితురాళ్లు, టామ్ బ్రేడీ అనే ఆటగాడి కోసం, ఆయన జట్టు ఫైనలు చూడటానికి హ్యూస్టన్ వెళతారు. అమెరికావాళ్ల ఫుట్‌బాల్ మనం చూసే ఆట కాదు. గుడ్డు ఆకారంలో మొనలు తేలిన బంతి, కాళ్లకంటే చేతులకే ఎక్కువ పని, తలకు హెల్మెట్లు. మా వదినకు ఆట నచ్చలేదు, మనుషులు నచ్చారు. ఒకావిడ కేన్సరు నుంచి బయటపడిన మనిషి, ఆ చికిత్స రోజుల్లోనే నలుగురికీ ఈ ఆట అలవాటైంది. ఒకావిడ భర్త పోయి వృద్ధుల నివాసంలో ఉంటుంది. ఒకావిడ ఒక ఆటగాడిని నాయకుడిగా పెట్టి శృంగార కథలు రాసి అచ్చు వేయించుకుంటుంది. ఆ సంగతి విడమరచి చెప్పడానికి నేను తడబడుతుంటే పెద్దక్కయ్య, "రాసుకోనీ, తప్పేముంది?" అంది. నాలుగో ఆవిడ లెక్కల ప్రొఫెసరు. ఆవిడ నాకు సొంత మనిషిలా అనిపించింది.

సినిమా గొప్పదని నేను చెప్పను. చివర్లో ఈ అమ్మలు మాట్లాడటం వల్లే బ్రేడీకి ధైర్యం వచ్చినట్టు చూపించడం నాకు రుచించలేదు. ఆ సినిమా నిర్మాతల్లో బ్రేడీ కూడా ఒకడు, ఆ బరువు చివరి అరగంట మీద పడింది. జరిగిన ఆటలోనే కావలసినంత కథ ఉంది. 2017 ఫిబ్రవరి 5న జరిగిన ఆ ఫైనల్లో బ్రేడీ జట్టు ఒక దశలో 3-28తో వెనకబడి, ఆటను అదనపు సమయానికి ఈడ్చి 34-28తో గెలిచింది. ఎవరి ఉపదేశమూ లేకుండానే రోమాలు నిక్కబొడుచుకుంటాయి. నాకు నచ్చింది అంతకుముందు భాగం. టిక్కెట్లు పెట్టిన సంచి పోతుంది. నలుగురూ ఒకరినొకరు నిందించుకోవాల్సిన చోట వెతకడం మొదలుపెడతారు. ఎవరి కొడుకూ వచ్చి గట్టెక్కించడు. ఆ సన్నివేశం దగ్గర పిన్ని సినిమా ఆపించి, ఇంకోసారి పెట్టమంది.

ఆ కథకు మూలమైన స్నేహితురాళ్లు నిజంగానే ఉన్నారు. మసాచుసెట్స్ రాష్ట్రంలో, ఎనభై దాటిన వయసులో, ఆటలున్న రోజున ఒకరి ఇంట్లో చేరి చూసేవాళ్లు. వాళ్లలో ఒకావిడ మనవడు ఈ సంగతి సినిమా మనుషులకు చెప్పడంతో కథ మొదలైంది. నిజం మనుషులు ఆ ఫైనలుకు వెళ్లలేదు, మాలాగే ఇంట్లో కూర్చుని చూశారు. వెళ్లలేని వాళ్లను సినిమా హ్యూస్టన్ పంపించింది. ఈ ముక్క కూతురు చెప్పగానే మా నలుగురికీ కాసేపు మాట రాలేదు. ఉప్పల్ గుర్తుకొచ్చింది.

ఇంకో లెక్క చూడండి. ఆ సినిమా విడుదలైన నాటికి, ఆ నలుగురి పాత్రలు వేసిన వాళ్లలో రీటా మొరేనోకు 91 ఏళ్లు, జేన్ ఫోండాకు 85, లిలీ టామ్లిన్‌కు 83, శాలీ ఫీల్డ్‌కు 76. నలుగురివీ కూడితే 335. మా అరుగు మీద నలుగురివీ కూడితే 292. మాకింకా 43 ఏళ్ల వ్యవధి ఉంది. మొదటి వారాంతంలోనే ఆ సినిమా అమెరికాలో కోటీ ఇరవై లక్షల డాలర్లకు పైగా తెచ్చిందని కూడా నిర్మాతలకు మనవి చేస్తున్నాను.

మన దగ్గర ఏం జరుగుతోంది? 2019లో హిందీలో ఒక సినిమా వచ్చింది. అరవై దాటాక తుపాకీ పట్టి గురిచూసి కొట్టడం నేర్చుకుని పతకాలు తెచ్చిన ఇద్దరు ఉత్తరప్రదేశ్ తోడికోడళ్ల నిజం కథ. ఆ ఇద్దరి పాత్రలకూ ముప్పై ఏళ్ల చుట్టూ ఉన్న నటీమణులను తీసుకుని, తలకు తెల్లరంగు వేశారు. అదే ఏడాది తెలుగులో వచ్చిన "ఓ బేబీ" నాకు నచ్చిన సినిమా, రెండుసార్లు చూశాను. కానీ అందులో డెబ్బై ఏళ్ల బేబీకి తన పాట తాను పాడుకునే అవకాశం రావాలంటే ముందు ఇరవై నాలుగేళ్ల పిల్ల కావలసి వచ్చింది. లక్ష్మిగారు అంత చక్కగా మొదలుపెట్టిన మనిషిని తరవాత ఎక్కువసేపు మేము చూడలేకపోయాం. మా ఆత్రేయపురం పేరు చెప్పి తీసిన "శతమానం భవతి"లో జయసుధగారు ఎంత హుందాగా చేశారో అందరికీ తెలుసు. అందులో ఆ ఇల్లాలు పండుగకు పిల్లలు రావాలని ఎదురుచూస్తుంది. ఎదురుచూడటం అబద్ధం కాదు, మేమూ చూస్తాం. అయితే పిల్లలు వచ్చి వెళ్లే నాలుగు రోజులు పోను, మిగతా 361 రోజులు మేము ఏం చేస్తాం అని ఎవరూ అడగలేదు.

తెలుగు ప్రేక్షకులు చూడరు అనే మాట నాతో అనకండి. 1962లో ఎన్టీ రామారావుగారు, అక్కినేని నాగేశ్వరరావుగారు ఇద్దరూ కలిసి వేసిన సినిమాకు పేరు ఎవరిది? గుండమ్మది. ఆ గుండమ్మ, సూర్యకాంతమ్మగారు, మా కాకినాడ దగ్గరి పల్లెలో పుట్టిన మనిషి. అప్పటికి ఆవిడకు నలభై కూడా నిండలేదన్నది వేరే సంగతి. నవ్వించడానికి మా నేల ఎప్పుడూ వెనకాడలేదు. జంధ్యాల మా నరసాపురంలో పుట్టారు, బాపు కూడా ఇక్కడే. ముళ్లపూడి వెంకటరమణ ధవళేశ్వరం వారు. అల్లు రామలింగయ్య పాలకొల్లు వారు. జంధ్యాలగారి "శ్రీవారికి ప్రేమలేఖ"లో శ్రీలక్ష్మి సినిమా కథ చెప్పడం మొదలుపెడితే పేర్లు పడటం దగ్గర నుంచి చెబుతుంది, జనం పొట్ట పట్టుకుని నవ్వారు. ఆడదాని పిచ్చిలో హాస్యం ఉందని ఆయనకు తెలుసు. నేను అడిగేది ఆ పిచ్చిని ఇంకో మెట్టు ఎక్కించమని. పక్కపాత్ర చేతి నుంచి తీసి కథ మొత్తాన్ని దాని చేతిలో పెట్టమని.

కొన్నేళ్ల కిందట మా వీధిలో ఒక సినిమా షూటింగు జరిగింది. మమ్మల్ని అరుగు మీద లేసు అల్లుతూ కూర్చోమన్నారు. ఉదయం తొమ్మిది నుంచి పదకొండు దాకా కూర్చున్నాం. ఒక కుర్రవాడు వచ్చి చాలా మర్యాదగా, "అమ్మా, మీరు కెమెరా వైపు చూడవద్దు, ముఖాలు అటు తిప్పుకోండి" అన్నాడు. తిప్పుకున్నాం. హీరో మోటారు సైకిలు మీద ముందు నుంచి వెళ్లిపోయాడు. పాలకొల్లు వెళ్లి హాల్లో చూస్తే పెద్దక్కయ్య చేయి, చేతిలో సూది, ఒడిలో తెల్లదారం ఉండ కనిపించాయి. అంతే. ఆ చేయి తనదేనని ఆవిడ పక్కనున్న వాళ్లకు చూపించి ఎంత మురిసిపోయిందో చెప్పలేను. దానికే అంత మురిసిన మనిషికి ముఖం కూడా చూపించి ఉంటే ఎలా ఉండేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

హాళ్ల యజమానులకు నాలుగు మాటలు. పెద్దక్కయ్య హాల్లో చూసిన ఆఖరి సినిమా అదే. తరవాత ఒకసారి తీసుకెళ్లాం, మెట్లు ఎక్కలేక సగంలో కూర్చుండిపోయింది. ఇంటికి తీసుకొచ్చేశాం. సాయంత్రం ఆటకు వెళితే తిరిగి రావడానికి బస్సు ఉండదు, ఆటోవాడిని బతిమాలుకోవాలి. టిక్కెట్లన్నీ ఫోనులో అమ్ముడుపోతే కిటికీ దగ్గరికి వచ్చిన ముసలివాళ్లకు ముందు వరుస మిగులుతుంది, మెడలు పట్టేస్తాయి. మరుగుదొడ్డి గురించి నేను రాయనక్కరలేదు, మీకు తెలుసు. నేను చెప్పిన అమెరికా సినిమాకు పారామౌంట్ సంస్థ అక్కడి పెద్ద పెద్ద హాళ్ల సంస్థలతో మాట్లాడుకుని, సాయంత్రం ఆటలకు కూడా పగటి ఆట ధరే పెట్టించింది. ఎవరు వస్తారో తెలుసుకుని వాళ్లకు తగినట్టు చేశారు. మీరు ధర తగ్గించకపోయినా ఫరవాలేదు. వారంలో ఒక రోజు, పండుగలు పెళ్లిళ్లు లేని రోజు, ఉదయం పదకొండు గంటల ఆట పెట్టండి. కింద భాగంలో నడవ పక్క సీట్లు కొన్ని మాకు ఉంచండి. విశ్రాంతి సమయం ఐదు నిమిషాలు పెంచండి. ఆ వారం ఖాళీగా ఉండే కుర్చీలే అవి.

రచయితలకు ఒక దారం కొస ఇస్తాను, నచ్చితే అల్లుకోండి. అంతర్వేది దగ్గర నలుగురు ఆడవాళ్లు. కాశీకి వెళుతున్నామని ఇంట్లో చెబుతారు. సఖినేటిపల్లి రేవులో పంటు పడవ ఎక్కి గోదావరి పాయ వశిష్ఠ దాటి నరసాపురం వస్తారు. చేతిలో ఉన్నవి మాత్రం కోల్‌కతాలో ఆటకు టిక్కెట్లు. పంటు మీదే ఊరి పురోహితుడు ఎదురై, కాశీలో తనకు తెలిసిన సత్రం చిరునామా రాసి ఇస్తాడు, గంగనీళ్లు తెమ్మని చెంబు కూడా ఇస్తాడు. ఇక ఆ చెంబును ఏం చేయాలి? హుగ్లీ కూడా గంగేనని వాళ్లలో ఒకావిడ వాదిస్తుంది. మిగతాది మీరు రాయగలరు. ఒక్క షరతు. నలుగురిలో ఎవరినీ చివర్లో చంపకండి. ఎవరికీ కొడుకు వచ్చి క్షమాపణ చెప్పే సన్నివేశం పెట్టకండి. ఆటకు వెళ్లి, చూసి, తిరిగి రానివ్వండి. వాళ్లు ఇష్టపడిన జట్టు ఓడినా సరే.

ఎవరైనా వచ్చి మాతో మాట్లాడాలనుకుంటే సంతోషం. సాయంత్రం నాలుగు దాటాక అరుగు మీదే ఉంటాం. లేసు లెక్క చూసి డబ్బులిచ్చే మనిషి మంగళవారం వస్తాడు, ఆ ఒక్కరోజు తప్ప ఎప్పుడైనా రండి. పెద్దక్కయ్యకు ఎడమ చెవి సరిగా వినపడదు, కుడి పక్కన కూర్చోండి.

ఇట్లు,
నరసాపురం దగ్గర ఒక ఊరి నుంచి
ఒక విశ్రాంత లెక్కల ఉపాధ్యాయురాలు